మూడో బ్రష్

జూన్ నెల, మిట్టమధ్యాహ్నం.
రెండు హెడ్‌లైట్లూ వెలిగించుకుని
నర్సు ఇష్‌బెల్ మన్‌రో కారు థర్సో బజారులోకి వస్తే
చేపల బండి మనిషి టోపీ తీసేశాడు,
ఎవరో పోయారనుకుని.

ఎవరూ పోలేదు.
మా మాగ్నస్ బడ్జ్ రాసిచ్చిన వైద్యం అది.

స్కాట్లండు నెత్తిమీది ఊరు మాది.
వేసవిలో చీకటి చుట్టపుచూపుగా వస్తుంది,
కూర్చోకుండానే వెళ్ళిపోతుంది.
దీపాలతో పని లేదు. డైనమో మాత్రం
చాలు చాలంటున్నా వినకుండా
బ్యాటరీకి కొసరి కొసరి వడ్డిస్తూనే ఉంటుంది.
కడుపు నిండిన బ్యాటరీ ఏం చేస్తుంది?
ఉడుకుతుంది. మూతల సందుల్లోంచి బుసబుసా పొంగుతుంది.
ఆ తుంపర తగిలి నా ఏప్రన్ జల్లెడైంది
పనిలో చేరిన రెండో నెలకే.

"తిన్నది అరగడం లేదు దానికి" అన్నాడు మాగ్నస్.
"పట్టపగలు దీపాలు పెట్టుకుని తిరుగమ్మా.
సిగ్గుపడితే నువ్వు పడాలి గాని
కారు పడదు."

అసలు మందు డైనమో లోపల ఉంది.
రెండు బ్రష్షులకు తోడు మూడోది,
బొటనవేలి గోరంత బొగ్గుముక్క.
తిరిగే దిక్కుకు వెంట్రుకవాసి జరిపితే ధారాళం,
ఎదురు దిక్కుకు జరిపితే పిసినారితనం.
ఏడాదికి రెండుసార్లు జరపాలి.
రోజూ జరపొచ్చు కదా అన్నాను, పదహారేళ్ళ తెలివితో.
"రోజూ కారు కింద పడుకునేదెవరు?" అన్నాడు.
పడుకునేది నేనే. నోరు మూసుకున్నాను.

డిసెంబరులో మూడున్నరకే పొద్దు గూకుతుంది.
బ్రష్ జరిపాం. ధారాళం వైపే జరిపాం.
అయినా పదిరోజుల్లో మూడుసార్లు
ఆమె కారుని గుర్రం లాక్కొచ్చింది.
హైడ్రోమీటరు ముంచితే
తేలాల్సిన గాజుబుడ్డి అడుగుకి కూలబడింది.
పలకలు చూశాం. తీగలు తడిమాం.
కటౌట్ విప్పాం. అదొక తలుపు,
ఇంజను ఆగగానే మూసుకోవాలి,
లేకుంటే రాత్రంతా బ్యాటరీ
పెట్టిన చెయ్యికే తిరిగి పెట్టేస్తుంది.
తలుపు శుభ్రంగా మూసుకుంటోంది.
అమ్మీటరు ముల్లు అబద్ధమాడటం లేదు.

అప్పుడు మాగ్నస్ నోట్లోంచి పైపు తీసి
కారుని వదిలేసి మనిషిని చూశాడు.
"నిన్న రాత్రి ఎక్కడాగావు?"

"డనెట్ అవతల, సముద్రం ఒడ్డు ఇంట్లో.
దీపంలోకి చమురు లేదు వాళ్ళకి. బిడ్డ అడ్డం తిరిగింది.
కిటికీకి ఎదురుగా కారు నిలబెట్టాను.
నాలుగున్నర గంటలు."

"మొన్న?"

"అదీ అంతే. వేరే కిటికీ."

"ఇంజను నడుస్తూ ఉండనివ్వచ్చుగా?"

"ఆ మోతలో
కడుపులో బిడ్డ గుండె వినపడదు."

పొయ్యి మీద కెటిల్ మరిగి మరిగి
తనంతట తనే ఊరుకుంది.

తర్వాత అతను చెత్తపెట్టె బోర్లించి
ఒక సైడ్‌లైటు బల్బు ఏరాడు, ఆరు వోల్టులది,
మిణుగురుకి అన్నలాంటిది.
కోకో డబ్బా కోశాడు, లోపల తళతళలాడేదాకా తోమాడు.
నన్ను పది గజాల తీగ పేనమన్నాడు.
"ఆ రెండు కళ్ళూ గంటలో తాగేది
దీనికి ఎనిమిది గంటలొస్తుంది.
కిటికీ బయట ఎందుకు, మంచం దాకా పట్టుకుపో."

ఖాతా పుస్తకంలో నాచేత రాయించాడు:
లోపం, కనపడలేదు.
బల్బు, ఒకటి.
తీగ కూడా రాయబోతే పుస్తకం మూసేశాడు.

జనవరిలో గుర్రం రాలేదు.
ఫిబ్రవరిలో ఆ డబ్బాదీపం బాగుకి వచ్చింది,
అతుకు ఊడి.
డబ్బా చుట్టూ ఎవరో
ఉన్నితో చిన్న తొడుగు అల్లారు,
పట్టుకునే చెయ్యి కాలకుండా.
ఒకచోట కుట్టు తప్పింది, తొందరలో కాబోలు.

తొడుగు తీసి పక్కన పెట్టి
సోల్డరు వేశాను.
చల్లారాక మళ్ళీ తొడిగాను.